జర్మనీలో వేరే ఊరికి ఇంటర్వ్యూకి వెళ్లాలంటే ప్రయాణం ఎలా చేయాలి

వరంగల్ నుంచి హైదరాబాద్‌కి ఇంటర్వ్యూకి వెళ్తుంటే దారిలో బస్సు చెడిపోయిందనుకోండి. కంగారు పడతాం కానీ దిక్కు తోచని పరిస్థితి రాదు. వెనకే ఇంకో బస్సు వస్తుంది. ఉప్పల్‌లో దిగి ఫోన్ చేస్తే బాబాయో, స్నేహితుడో బండి మీద వచ్చి దింపేస్తారు. ఎవరూ దొరక్కపోతే ఆటో ఉండనే ఉంది.

జర్మనీలో చదువుకుంటూ ఉద్యోగం వెతుక్కునే మనకు ఆ ధీమా ఉండదు. మధ్యలో ఏదో ఊళ్లో రైలు ఆగిపోతే ఆ ప్లాట్‌ఫాం మీద మనవాళ్లు ఎవరూ ఉండరు, అనౌన్స్‌మెంట్ సగమే అర్థమవుతుంది, చేతిలో ఫోన్ ఒక్కటే ఉంటుంది. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా 18 నెలలది. ఆ నెలలు కరిగిపోతుంటే వచ్చిన ఒక్క ఇంటర్వ్యూకీ ఆలస్యంగా వెళ్తున్నామన్న టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను మాగ్డెబుర్గ్‌లో ఉన్నప్పుడు డ్యుసెల్‌డోర్ఫ్‌లో ఇంటర్వ్యూకి వెళ్తూ దారి తప్పాను. ఆ సంగతి కింద చెప్తాను. ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూకీ నేను పాటించిన పద్ధతి ఇది. ఇంటర్వ్యూ ప్రశ్నలకు ఎంత శ్రద్ధగా తయారవుతామో ప్రయాణానికీ అంతే శ్రద్ధగా తయారవ్వాలి.

మెయిల్ వచ్చిన రోజే చేయాల్సినవి

ముందు టైమ్ సరిగ్గా అర్థం చేసుకోండి. మెయిల్‌లో అంకెల్లో ఉంటే ఇబ్బంది లేదు. హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్తే మాత్రం జాగ్రత్త. జర్మన్‌లో ‘హాల్బ్ ఎల్ఫ్’ అంటే పదకొండున్నర అనుకుంటాం, ఎందుకంటే హాల్బ్ అంటే సగం, ఎల్ఫ్ అంటే పదకొండు. అసలు అర్థం పదిన్నర. పదకొండు వైపు సగం దూరం వచ్చామని వాళ్ల లెక్క. తూర్పు జర్మనీలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ ‘ఫియర్టెల్ ఎల్ఫ్’ అంటే పదింపావు, ‘డ్రైఫియర్టెల్ ఎల్ఫ్’ అంటే పదిముప్పావు. ఫోన్ పెట్టేసేముందు ‘ఆల్సో, త్సేన్ ఊర్ డ్రైసిష్?’ అని అంకెల్లో తిరిగి అడగండి. ఇలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. ఆ తర్వాత మెయిల్‌లో కూడా ఖరారు చేయమని కోరండి.

రెండోది అడ్రస్. కంపెనీ పేరు కొట్టి మ్యాప్ చూపించిన చోటికి వెళ్లిపోకండి. పెద్ద ఫ్యాక్టరీలకు గేట్లు చాలా ఉంటాయి, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిచి వెళ్లడానికి అరగంట పట్టే చోట్లూ ఉన్నాయి. ఏ గేటు, ఏ బిల్డింగ్, ఎవరిని అడగాలి అని మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. గేటు దగ్గరి సెక్యూరిటీ గదిని ‘ఫోర్టె’ అంటారు. అక్కడ గుర్తింపు కార్డు చూపించి విజిటర్ పాస్ తీసుకోవాలి, దానికే పది నిమిషాలు పోవచ్చు. పారిశ్రామిక వాడలకు వెళ్లే బస్సులు షిఫ్టులు మారే వేళల్లో బాగానే ఉంటాయి, మధ్యాహ్నం పూట తగ్గిపోతాయి. స్టేషన్ నుంచి ఆఫీసుకి వెళ్లే ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే చాలామందిని ముంచుతాయి.

స్టేషన్ పేరు కూడా పూర్తిగా చదవండి. ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊళ్లు రెండున్నాయి. ఒకటి బ్యాంకులు, ఎయిర్‌పోర్ట్ ఉన్న మైన్ నది ఒడ్డు ఫ్రాంక్‌ఫర్ట్, ఇంకోటి పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఉన్నది. మైన్ ఒడ్డు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే మెయిన్ స్టేషన్, సౌత్ స్టేషన్, ఎయిర్‌పోర్ట్ స్టేషన్ వేరువేరు, కొన్ని రైళ్లు మెయిన్ స్టేషన్‌కి రానే రావు. కాసెల్‌లో ఐసీఈ అనే వేగంగా వెళ్లే దూరప్రాంత రైళ్లు ఆగేది మెయిన్ స్టేషన్‌లో కాదు, విల్హెల్మ్స్‌హోయె అనే స్టేషన్‌లో. కొలోన్‌లో కొన్ని రైళ్లు నది అవతల ఉన్న డాయ్ట్స్ స్టేషన్‌లోనే ఆగుతాయి.

మూడోది, టైమ్ మార్చమని అడగడానికి మొహమాటపడకండి. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో పొద్దున్న తొమ్మిదికి ఇంటర్వ్యూ పెడితే ‘నేను ఫలానా ఊరి నుంచి రైల్లో వస్తున్నాను, మధ్యాహ్నం వీలవుతుందా’ అని ఒక్క వాక్యం రాయండి. మనకు ఇది అడగకూడని విషయంలా అనిపిస్తుంది. వాళ్లిచ్చిందే మంచి టైమ్ అనుకునే అలవాటు మనది. ఇక్కడ ఇది మామూలే. తొలి రౌండ్ ఆన్‌లైన్‌లో చేయవచ్చా అని కూడా అడగవచ్చు.

ఇక నాలుగోది డబ్బు. ఇది చాలామంది తెలుగు విద్యార్థులకు తెలియదు, నాకూ మొదట్లో తెలియదు. జర్మన్ సివిల్ కోడ్ 670వ సెక్షన్ ఆధారంగా, కంపెనీయే ఇంటర్వ్యూకి పిలిస్తే మీ ప్రయాణానికి అయిన న్యాయమైన ఖర్చు కంపెనీయే భరించాలి. ‘ప్రయాణ ఖర్చులు మేం ఇవ్వం’ అని ముందుగానే స్పష్టంగా చెప్పి ఉంటే మాత్రం అడగలేం. అందుకే పిలుపు మెయిల్‌ని చివరి లైను దాకా చదవండి. ఏమీ రాయకపోతే ‘వేర్డెన్ డీ ఫార్ట్‌కోస్టెన్ ఊబర్‌నొమ్మెన్?’ అని అడగండి, అంటే ప్రయాణ ఖర్చులు మీరు ఇస్తారా అని. ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు ప్రభుత్వ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో, అంటే ఆగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్‌లో నమోదు చేసుకుని ఉంటే వాళ్లనీ అడగవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమే, కానీ ప్రయాణానికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. వెళ్లొచ్చాక టికెట్లు పట్టుకెళ్తే తీసుకోరు.

ఏ రైలు ఎక్కాలి

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 2024లో జర్మనీ రైల్వే సంస్థ డాయ్చె బాన్ దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం. అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్క పెట్టకుండా వచ్చిన అంకె. ఇది తిట్టుకోవడానికి చెప్పడం లేదు, లెక్క వేసుకోవడానికి చెప్తున్నాను. మధ్యలో రైలు మారాల్సి ఉంటే ఏదో ఒక చోట తేడా వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

కాబట్టి నా పద్ధతి ఇది. ఏ రైలు మిమ్మల్ని సరిగ్గా చేరుస్తుందో వెతకండి, ఆ తర్వాత దానికి ముందు రైలు ఎక్కండి. మొదటిది రద్దయినా రెండోదానిలో సాఫీగా చేరాలి.

ఇంటర్వ్యూ టైమ్ నుంచి వెనక్కి లెక్క వేయాలి. డ్యుసెల్‌డోర్ఫ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటర్వ్యూ అనుకుందాం. 12:50కి రిసెప్షన్‌లో ఉండాలి. 12:15కల్లా ఆ బిల్డింగ్ ఉన్న వీధిలో ఉంటే బాగుంటుంది. స్టేషన్ నుంచి ట్రామ్, నడక కలిపి ముప్పావు గంట. అంటే మెయిన్ స్టేషన్‌లో 11:30కి దిగాలి. మాగ్డెబుర్గ్ నుంచి హనోవర్‌కి, హనోవర్ నుంచి డ్యుసెల్‌డోర్ఫ్‌కి రైళ్లు దాదాపు గంటకొకటి. అందువల్ల నేను పదిన్నరకి చేర్చే రైలు ఎక్కుతాను. అన్నీ సవ్యంగా జరిగితే స్టేషన్‌లో దిగేసరికి ఇంటర్వ్యూకి ఇంకా రెండున్నర గంటలు ఉంటాయి. ఆ సమయం వృథా కాదు, ఎక్కడ కూర్చుని ఏం చేయాలో తర్వాత చెప్తాను.

డాయ్చె బాన్ వాళ్ల డీబీ నావిగేటర్ యాప్ రైలు మారడానికి ఆరేడు నిమిషాలే ఉన్న ప్రయాణాలు కూడా చూపిస్తుంది. కనీసం ఎంత సమయం కావాలో అందులోనే పెట్టుకునే వీలుంది. ఇంటర్వ్యూ రోజు కనీసం 30 నిమిషాలు పెట్టండి. నేరుగా వెళ్లే రైలు ఉంటే అరగంట ఎక్కువ పట్టినా, పది యూరోలు ఎక్కువైనా దాన్నే తీసుకోండి.

టికెట్ సంగతికి వస్తే, అన్నిటికంటే చవకైన సూపర్ ష్పార్‌ప్రైస్ టికెట్‌ని రద్దు చేసుకోలేరు, ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది. ఇంటర్వ్యూ తేదీ మారితే ఆ డబ్బు పోయినట్టే. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదెక్కువ, కానీ ఆ రోజు ఏ రైలైనా ఎక్కవచ్చు. కంపెనీ ఖర్చు ఇస్తానంటే ఫ్లెక్స్‌ప్రైస్ గురించి ముందే ఒక మాట అడిగి కొనండి. సొంత డబ్బయితే చవక టికెట్ తీసుకున్నా తప్పు లేదు, కానీ ముందు రైలుకి తీసుకోండి. సీటు రిజర్వేషన్‌కి ఐదు యూరోల పైచిలుకు అవుతుంది. ఆ రోజుకి అది తప్పకుండా పెట్టాల్సిన ఖర్చు, ఎందుకో నా కథలో తెలుస్తుంది.

డాయ్చ్‌లాండ్ టికెట్ మనలో చాలామంది దగ్గర ఉంటుంది. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026లో 63 యూరోలైంది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు సెమిస్టర్ ఫీజులోనే తక్కువకి వస్తుంది. దానితో దేశమంతా లోకల్ రైళ్లు, ట్రాములు, బస్సులు ఎక్కవచ్చు. ఇంటర్వ్యూ జరిగే ఊళ్లో ట్రామ్ టికెట్ ఎలా కొనాలి, ఎక్కడ పంచ్ చేయాలి అన్న గొడవ లేకుండా అది కాపాడుతుంది. కానీ ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంత రైళ్లలో చెల్లదు. డబ్బు మిగుల్చుకోవాలని ఐదారు గంటలు మూడు నాలుగు లోకల్ రైళ్లు మారుతూ ఇంటర్వ్యూకి వెళ్లడం నేను ఒప్పుకోను. ఒక్క లింకు తెగినా గంట పోతుంది, లోకల్ రైలు ఆలస్యమైందని అదే టికెట్‌తో ఐసీఈ ఎక్కే హక్కు కూడా ఉండదు. అలా ఎక్కి దొరికితే జరిమానా కట్టాలి. వెళ్లేటప్పుడు ఐసీఈలో వెళ్లి, వచ్చేటప్పుడు తొందర ఉండదు కాబట్టి లోకల్ రైళ్లలో రండి.

ఇంటర్వ్యూ పదింటి లోపు ఉండి, ప్రయాణం మూడు గంటలు దాటితే ముందురోజు సాయంత్రమే వెళ్లిపోండి. హోటల్ ఖర్చుకి వెనకాడతాం, నిజమే. కానీ ప్రతి పెద్ద ఊళ్లోనూ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఒకటుంటుంది. ‘ఫలానా తేదీన ఇంటర్వ్యూకి వస్తున్నాను, ఒక్క రాత్రి పడుకోవడానికి చోటు దొరుకుతుందా అన్నా’ అని అడిగితే ఎవరో ఒకరు పలుకుతారు. నేను అలా ముగ్గురి ఇళ్లలో పడుకున్నాను, మా గదిలోనూ చాలామంది పడుకున్నారు. ఒకరి గదిలో పెట్టిన పప్పన్నం తిని ఇంటర్వ్యూకి వెళ్లిన పొద్దున్న నా గుండె ఎంత నిబ్బరంగా ఉందో నాకింకా గుర్తుంది. హోటలే తీసుకోవాలనుకుంటే ఆ ఊళ్లో ‘మెస్సె’ ఉందేమో చూసుకోండి, అంటే పెద్ద వాణిజ్య ప్రదర్శన. హనోవర్, ఫ్రాంక్‌ఫర్ట్, డ్యుసెల్‌డోర్ఫ్‌లలో ఆ వారం గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

ముందురోజు

సమ్మె ఉందేమో చూడండి. 2024 జనవరి చివర్లో రైలు డ్రైవర్ల యూనియన్ జీడీఎల్ చేసిన సమ్మె రోజుల తరబడి సాగింది. ఊళ్లో ట్రాములు, బస్సుల సమ్మె వేరే, అది రైళ్ల సమ్మె వార్తల్లో కనపడదు. వార్తల్లో ‘ష్ట్రైక్’ అన్న మాటతో పాటు మీరు వెళ్లే ఊరి పేరు కొట్టి వెతకండి. సమ్మె ఉందని తెలిస్తే అదే సాయంత్రం హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి. దేశమంతా తెలిసిన విషయం కాబట్టి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ట్రాక్ పనులు కూడా చూసుకోండి. యాప్‌లో ‘షీనెన్‌ఎర్జాట్స్‌ఫెర్‌కేర్’ అని కనిపిస్తే రైలుకి బదులు బస్సు వేశారని అర్థం, దానికి అదనంగా సమయం పడుతుంది.

సోమవారం ఇంటర్వ్యూ ఉంటే కొనాల్సినవన్నీ శనివారమే కొనండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు, బట్టల షాపులు మూసి ఉంటాయి. సాక్స్ చిరిగాయని ఆదివారం సాయంత్రం గుర్తొస్తే పెద్ద స్టేషన్లలోని కొట్లే దిక్కు.

బ్యాగులో పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు ఉండాలి. ఆన్‌లైన్ టికెట్ మీ పేరు మీదే ఉంటుంది, గుర్తింపు కార్డు అడగవచ్చు. హెచ్‌ఆర్ ఫోన్ నంబరు, అడ్రస్ కాగితం మీద పెన్నుతో రాసుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా పక్కవాళ్ల ఫోన్ అడిగి మాట్లాడవచ్చు. ప్రయాణం మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఊళ్ల మధ్య సిగ్నల్ పోతుంటుంది. పవర్ బ్యాంక్, ప్రీపెయిడ్ సిమ్ అయితే అందులో బ్యాలెన్స్, స్టేషన్ టాయ్‌లెట్‌కి ఒక యూరో నాణేలు రెండు మూడు. ఇంకో షర్టు తప్పకుండా పెట్టుకోండి. కాఫీ ఒలికిందనో, చెమట పట్టిందనో ఆ షర్టుతోనే లోపలికి వెళ్లాల్సి వస్తే మీ దృష్టంతా దాని మీదే ఉంటుంది. చలికాలమైతే మంచులో నడవడానికి బూట్లు వేసుకుని, ఇంటర్వ్యూ షూస్ సంచిలో పెట్టుకోండి.

తినడానికి ఇంటి తిండే తీసుకెళ్లండి. నేను చపాతీలో బంగాళాదుంప కూర పెట్టి చుట్టుకుని వెళ్తాను. చేతులకు నూనె అంటదు, కడుపు బరువుగా ఉండదు. అలవాటు లేని తిండి ఆ రోజు మొదలుపెట్టకండి.

రైల్లో, ప్లాట్‌ఫాం మీద

ఇక నా కథ. మాగ్డెబుర్గ్ నుంచి హనోవర్ వెళ్లి అక్కడ డ్యుసెల్‌డోర్ఫ్ ఐసీఈ ఎక్కాను. బోర్డు మీద డ్యుసెల్‌డోర్ఫ్ అని ఉంది, ప్లాట్‌ఫాం నంబరు సరిపోయింది, సీటు రిజర్వ్ చేసుకోలేదు కాబట్టి ఎదురుగా ఆగిన పెట్టె ఎక్కి ఖాళీ సీట్లో కూర్చున్నాను. బెర్లిన్ నుంచి ఆ వైపు వెళ్లే ఐసీఈలు హమ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. ఒక సగం డోర్ట్‌ముండ్, ఎస్సెన్ మీదుగా డ్యుసెల్‌డోర్ఫ్ వైపు పోతుంది. ఇంకో సగం హాగెన్, వుపర్టాల్ మీదుగా కొలోన్ వైపు పోతుంది. నేను కూర్చున్నది రెండో సగంలో. ఈ సంగతి బోర్డు మీద ఉంది, అనౌన్స్‌మెంట్‌లోనూ చెప్పారు. నేను చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘మీ గురించి చెప్పండి’కి జవాబు బట్టీ పడుతున్నాను.

హమ్ దాటాక స్క్రీన్ మీద హాగెన్ అని కనిపించింది. ఆ క్షణంలో చేతులు చల్లబడిపోయాయి. పక్కన కూర్చున్న పెద్దావిడని వచ్చీరాని జర్మన్‌లో అడిగితే, ఆవిడే తన ఫోన్ తీసి వుపర్టాల్‌లో దిగి ఆర్‌ఈ 4 అనే లోకల్ రైలు పట్టుకోమని చూపించింది. అక్కడి నుంచి డ్యుసెల్‌డోర్ఫ్ ఇరవై నిమిషాల పైన. కానీ ఆ రైలు కోసం ఆగాలి, దిగాక ట్రామ్ ఎక్కాలి. టైమ్‌కి చేరడం కుదరదని తేలిపోయింది.

కాబట్టి ఎక్కేముందు పెట్టె నంబరు చూడండి. ఒకే రైలుగా వచ్చినా రెండు సగాలకీ నంబర్లు వేరు, ఒకదానికి ఇరవైల్లో ఉంటే ఇంకోదానికి ముప్పైల్లో ఉంటాయి. సీటు రిజర్వ్ చేసుకుంటే సరైన సగంలోనే నంబరు వస్తుంది. పెట్టె తలుపు పక్కనున్న చిన్న స్క్రీన్ మీద అది ఎక్కడిదాకా వెళ్తుందో రాసి ఉంటుంది, దాన్ని చదివాకే కాలు లోపల పెట్టండి. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, మీ పెట్టె ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్ చూపిస్తుంది. ‘ఊమ్‌గెకేర్టె వాగెన్‌రైహుంగ్’ అని వినిపిస్తే పెట్టెల వరస తిరగబడిందని అర్థం, వెంటనే రెండో కొసకి నడవండి.

ఇంకో మూడు మాటలు చెవిలో పడితే లేచి నిలబడాలి. ‘ఫెల్ట్ ఆవుస్’ అంటే రైలు రద్దు. ‘ఫెర్ష్‌పేటుంగ్’ అంటే ఆలస్యం. ‘హోయ్‌టె ఫోన్ గ్లైస్’ అని ఒక నంబరు చెప్తే ఈ రోజు ప్లాట్‌ఫాం మారిందని. అర్థం కాకపోతే పక్కవాళ్లని అడగండి. జర్మన్లు తమంతట తాము పలకరించరని మనకు ఒక భయం ఉంటుంది, కానీ అడిగితే ఓపిగ్గా చెప్పేవాళ్లే ఎక్కువ. హెడ్‌ఫోన్స్ బ్యాగులోనే ఉంచండి. చివరి రైలు మారేదాకా ఇంటర్వ్యూ నోట్సు కూడా తీయకండి, ఒక్కసారి ఒక్క పనే.

ఆలస్యం తప్పదని తేలితే

ముందు ఒక నిమిషం కూర్చుని నీళ్లు తాగండి. ఇది నేను ఏదో మాటవరసకి చెప్పడం లేదు. కంగారులో కనిపించిన రైలల్లా ఎక్కి ఇంకా దూరం వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు.

తర్వాత యాప్‌లో ఇంకో దారి వెతకండి. గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరతారని కనిపిస్తుంటే, మీ చవక టికెట్ మీద ఉన్న ‘ఆ ఒక్క రైలే’ అన్న షరతు పోతుంది, వేరే రైలు ఎక్కవచ్చు. ఇది రైలు వల్ల ఆలస్యమైనప్పుడే. మన తప్పు వల్ల అయితే వర్తించదు, అప్పుడు కండక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి కొత్త టికెట్ కొనుక్కోవాలి. నేనూ వుపర్టాల్‌లో కొనుక్కున్నాను. టికెట్ లేకుండా లోకల్ రైల్లో దొరికితే జరిమానా కనీసం 60 యూరోలు.

ఫోన్ ఎప్పుడు చేయాలి? చాలామంది ‘ఏమో, చేరిపోతామేమో’ అని ఆఖరి నిమిషం దాకా ఆగుతారు. అది తప్పు. ఆలస్యమయ్యే అవకాశం ఉందని తెలిసిన వెంటనే చేయండి. గంట ముందు చెప్తే వాళ్లు మధ్యలో వేరే మీటింగ్ పెట్టుకుంటారు, ఐదు నిమిషాల ముందు చెప్తే ముగ్గురు గదిలో కూర్చుని ఎదురుచూస్తుంటారు. మెయిల్ పంపి ఊరుకోకండి, ఎవరూ చూడకపోవచ్చు. ముందు ఫోన్, ఆ వెంటనే అదే విషయం మెయిల్‌లో.

ఇంగ్లిష్‌లో మాట్లాడినా పర్వాలేదు. కానీ రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తేవాళ్లకి ఇంగ్లిష్ రాకపోవచ్చు. అందుకే ఈ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని, ముందురోజు రాత్రే రెండుసార్లు పైకి చదవండి. ‘గూటెన్ టాగ్, మైన్ నామె ఇస్ట్’ అని మీ పేరు. ‘ఇష్ హాబె హోయ్‌టె ఉమ్ డ్రైత్సేన్ ఊర్ ఐన్ ఫోర్‌ష్టెల్లుంగ్స్‌గెష్ప్రేష్ బై ఈనెన్’ అంటే ఈ రోజు ఒంటిగంటకి మీ దగ్గర ఇంటర్వ్యూ ఉంది అని. ‘మైన్ త్సూగ్ హాట్ లైడర్ ఫెర్ష్‌పేటుంగ్’ అంటే దురదృష్టవశాత్తూ నా రైలు ఆలస్యమైంది. ‘ఇష్ కొమ్మె ఎట్వా డ్రైసిష్ మినూటెన్ ష్పేటర్’ అంటే సుమారు ముప్పై నిమిషాలు ఆలస్యంగా వస్తాను. ఎన్ని నిమిషాలో చెప్పేటప్పుడు మీరు అనుకున్నదానికి పది కలిపి చెప్పండి. ముప్పై అని చెప్పి పాతికకి చేరితే మంచిది, ఇరవై అని చెప్పి మళ్లీ ఫోన్ చేయాల్సి రావడం మంచిది కాదు.

క్షమాపణ ఒక్కసారి చెప్తే చాలు. కారణం ఒక్క వాక్యంలో, నిజంగా ఏది జరిగిందో అదే చెప్పండి. నేను వుపర్టాల్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ‘రైలు తప్పు సగంలో కూర్చున్నాను’ అని చెప్పాను. కంపెనీలో ఫోన్ ఎత్తిన ఆవిడ ‘హమ్‌లో కదా, సరే, ఒకటిన్నరకి మొదలుపెడదాం’ అంది. అంతే. ఒకటీ ఇరవై ఐదుకి చేరాను, ఇంటర్వ్యూ జరిగింది. ఆ ఉద్యోగం రాలేదు, నా జర్మన్ ఆ పనికి సరిపోదన్నారు. ఆలస్యం గురించి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

గంటన్నర, రెండు గంటలు దాటేలా ఉంటే వెళ్లి తీరాలని పట్టుబట్టకండి. ‘ఇంకో రోజు పెట్టగలరా, లేదా ఈ రోజే వీడియోలో చేద్దామా’ అని మీరే అడగండి. పెద్ద స్టేషన్‌లో దిగి ఒక నిశ్శబ్దమైన మూల చూసుకుంటే ఫోన్‌లో కూడా వీడియో ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు, చెవుల్లో పెట్టుకునేవి అప్పుడు పనికొస్తాయి.

ఆ సమయంలో ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, చాలాసార్లు అలాగే జరుగుతుంది. ‘ఇంటర్వ్యూకి చేరావా నాన్నా’ అని అమ్మ అడుగుతుంది. అప్పుడు నిజం చెప్తే అక్కడ ఆమె అల్లాడిపోతుంది, అబద్ధం చెప్తే మీ గొంతు తెలిసిపోతుంది. ముందురోజే చెప్పి ఉంచండి: ‘అమ్మా, రేపు ఇంటర్వ్యూ అయ్యాక నేనే చేస్తాను, అప్పటిదాకా చేయొద్దు.’ వర్జ్యం, రాహుకాలం చూసి బయల్దేరమనే ఇల్లయితే ఏ రైలుకి వెళ్తున్నారో రెండు రోజుల ముందే చెప్పేయండి. ఆ పొద్దున్న దాని మీద చర్చ మీకూ మంచిది కాదు, వాళ్లకూ మంచిది కాదు.

చేరాక

ముందుగా చేరితే నేరుగా ఆఫీసుకి వెళ్లకండి. బిల్డింగ్ ఎక్కడో ఒకసారి వెళ్లి కళ్లతో చూసి, గేటు, బెల్ మీద కంపెనీ పేరు చూసుకుని వెనక్కి రండి. ఒకే బిల్డింగ్‌లో పది కంపెనీలుంటాయి, బెల్ దగ్గర పేరు వెతుక్కోవడానికే సమయం పోతుంది. దగ్గర్లో ఏదో ఒక బేకరీ ఉంటుంది. టీ తీసుకుని కూర్చోండి. నోట్సు తీయాల్సిన సమయం ఇదే. షర్టు మార్చుకోవాలన్నా, మొహం కడుక్కోవాలన్నా స్టేషన్‌లోనే ముగించుకోండి. పెద్ద సంచి ఉంటే స్టేషన్ లాకర్లో పెట్టండి.

లోపలికి పది నిమిషాల ముందు వెళ్తే చాలు. అరగంట ముందే వెళ్లి కూర్చుంటే మన దగ్గర శ్రద్ధ అనుకుంటారు, ఇక్కడ అది వాళ్ల పనికి అడ్డుగా ఉంటుంది. ‘ప్రయాణం ఎలా జరిగింది’ అని తప్పకుండా అడుగుతారు. దారిలో కష్టాలన్నీ చెప్పుకోవడానికి అది చోటు కాదు. బాగానే జరిగిందనో, రైలు కాస్త ఆలస్యమైందనో ఒక్క మాట చెప్పి వదిలేయండి.

తిరిగొచ్చాక డబ్బు

తిరుగు ప్రయాణానికి ఒక్క రైలుకే చెల్లే టికెట్ కొనకండి. ఇంటర్వ్యూ బాగా సాగి ఆఫీసంతా చూపిస్తామని అంటే మీ కళ్లు గడియారం మీద ఉండకూడదు.

రైలు వల్ల గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలైతే 50 శాతం తిరిగి ఇస్తారు. తుపాను లాంటి, రైల్వే చేతిలో లేని కారణాలకు ఇవ్వరు. యాప్‌లో కొన్న టికెట్ అయితే యాప్‌లోనే అడగవచ్చు, మూడు నెలల్లోపు అడగాలి. కంపెనీ ప్రయాణ ఖర్చు ఇస్తానంటే టికెట్ పీడీఎఫ్, ట్రామ్ టికెట్ ఫొటో, మీ ఐబాన్ (బ్యాంకు ఖాతా) నంబరు కలిపి ఒకే మెయిల్‌లో పంపండి. కృతజ్ఞతలు చెప్పే మెయిల్ మర్నాడు వేరుగా పంపండి, దానిలో డబ్బు మాట కలపకండి. రైల్వే నుంచి సగం వెనక్కి వస్తే కంపెనీని మిగతా సగమే అడగాలి, అది కూడా అదే మెయిల్‌లో రాయండి.